పైదేశంవాడు అడిగిన పీచు

కొబ్బరి పీచుకి నీళ్ళు చల్లి అమ్మడం మా వైపు తప్పు కాదు. ఇలా రాశానని నా మీద ఎవరూ విరుచుకుపడక్కర్లేదు. చల్లకుండా అమ్మినవాడినే మా దగ్గర వెర్రివాడంటారు. పీచు కొనే షావుకారు, లారీ కాటా ఎక్కగానే తేమ కింద ఇంత అని తరుగు తీసేస్తాడు. పీచు తడిగా ఉన్నా తీస్తాడు, పట్టుకుంటే విరిగిపోయేలా ఎండినా తీస్తాడు. ఎటూ తీస్తాడని మిల్లువాళ్ళు చల్లుతారు. ఎటూ చల్లుతారని ఆయన తీస్తాడు. ఇది ఎవరు మొదలుపెట్టారని నా చిన్నతనంలోనే పెద్దవాళ్ళను అడిగాను. అప్పటికే ఎవరికీ తెలియదు.

ఇప్పుడిది ఎందుకు రాస్తున్నానంటే, ఈమధ్య టీవీలో ఒకాయన కూర్చుని, ఎగుమతులు పెరిగితే చాలు మన ఫ్యాక్టరీల పనితనం దానంతట అదే పెరుగుతుందని చెప్పాడు. దానంతట అదే అన్నమాట. నేను లేచి ఆ టీవీతో దెబ్బలాడడం మొదలుపెట్టేసరికి మా ఆవిడ కట్టేసింది. కట్టేస్తే నోరు ఊరుకుంటుంది గాని కడుపు ఊరుకోదు కదా. మా బావమరిది పీచు మిల్లుకి పైదేశంలో సొంతంగా ఒక కొనేవాడు దొరికాడు. ఆ ఒక్కడూ నిలబడతాడా, జారిపోతాడా అన్న దాని మీద మేమంతా ఒక ఏడాది బతికాం. ఆ ఏడాది సంగతి తెలిసినవాణ్ణి గనక చెప్పే హక్కు నాకుంది.

నేను నాలుగో తరగతితో బడి మానేశాను. బియ్యం మిల్లులో ఫిట్టరు దగ్గర చేరి, ఇంగ్లీషు అక్షరాలు బేరింగుల పెట్టెల మీద నేర్చుకున్నాను. తెలుగు పేపరు టెండరు నోటీసులతో సహా చదవందే నాకు అన్నం సహించదు. ఇవన్నీ గొప్పకి చెప్పడం లేదు. చదువుకోనివాడివి నీకేం తెలుసు అనే వాళ్ళకు ముందే జవాబు చెప్పి పెడుతున్నాను.

నా చిన్నప్పుడు కొబ్బరి డొక్కకి విలువ లేదు. కాయ ఒలిచాక డొక్క పొయ్యిలోకి పోయేది, మిగిలింది కాలవ గట్టున గుట్టలుగా కుళ్ళేది. దోమలకి తప్ప ఎవరికీ పనికొచ్చేది కాదు. తరవాత డొక్కని చీల్చి పీచు తీసే మిషన్లు వచ్చాయి. మా ఆవిడ తమ్ముడు అంబాజీపేట దారిలో లోపలికి ఒక మిల్లు పెట్టాడు. మిషన్లు బిగించింది నేనే, చెడితే విప్పేదీ నేనే. మిల్లు అతనిది, మిషన్లు బావగారివి అని ఊళ్ళో అనేవారు. అందులో ఒక్క నట్టు నాది కాదు.

పీచు చైనా వెళ్ళేది. వెళ్ళేదంటే, మా లారీ షావుకారు గోడౌను దాకా వెళ్ళేది, అక్కణ్ణుంచి ఎలా వెళ్ళేదో ఆయనకే తెలుసు. మా వాళ్ళు చైనా గురించి వాన గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవారు. "చైనా లేచిందంటండీ" అంటే మిల్లులన్నీ రాత్రీ పగలూ తిరిగేవి. "చైనా పడుకుందండీ" అంటే పీచు ఆరబెట్టిన కళ్ళంలోనే మగ్గేది. చైనావాణ్ణి ఎవరూ చూడలేదు. వాడు మా పీచుతో ఏం చేస్తాడో, అందులో వాడికి ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో మాకు చెప్పినవాడు లేడు. మాకు కనిపించే చైనా అంటే కాటా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునే షావుకారు గుమాస్తాయే.

లెక్కకి మేమూ ఎగుమతిదారులమే కదా. మరి మా పనితనం ఏం పెరిగింది? మిషను డ్రమ్ముకి ఇనప పళ్ళుంటాయి, డొక్కని చీల్చేవి అవే. అవి అరిగితే పీచు పొట్టిపొట్టిగా తెగిపోయి వస్తుంది, మోటారు కూడా మూలుగుతుంది. పళ్ళు మార్చరా అని నేనంటే మా బావమరిది చాలా మర్యాదగా ఒకే మాట అనేవాడు.

"అరిగిన పళ్ళతో వచ్చిన పీచుని షావుకారుగారు వద్దన్నారేంటండీ బావగారూ? అదే రేటుకి తీసుకుంటన్నారు కదా."

మాట సరిగ్గానే ఉంది. నాకు ఒళ్ళు మండేది అందుకే. తప్పు మాటైతే తిట్టేవాణ్ణి. డొక్కలు బాగా నానాక వెయ్యమంటే కూడా ఇదే మాట. పీచుని జల్లించి పొట్టు తీసేద్దామంటే, పొట్టు కూడా కాటాలో తూగుతుంది కదా బావగారూ అని నవ్వేవాడు. ఏళ్ళ తరబడి ఆ మిల్లులో నేను అరిచిన అరుపులన్నీ పొట్టుతో పాటు గాలికి పోయాయి.

ఇలా ఉండగా అమలాపురంలో ఒక కల్యాణమండపంలో పీచు మిల్లుల వాళ్ళకి సదస్సు పెట్టారు. భోజనాలు కూడా ఉన్నాయన్నారు. మా బావమరిదితో నేనూ వెళ్ళాను. ఎక్కడో పెద్ద కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పే ఆయన వచ్చి, గోడ మీద రంగురంగుల బొమ్మలు వేసి, ఎగుమతి చేసే ఫ్యాక్టరీలకు, చెయ్యని వాటికి పనితనంలో ఎంత తేడా ఉంటుందో చూపించాడు. చేసేవాళ్ళ గీత పైకి పోతోంది, చెయ్యనివాళ్ళ గీత నేల మీద పాకుతోంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడ్డాను. మా బావమరిది నా చొక్కా అంచు పట్టుకుని లాగుతూనే ఉన్నాడు.

నేను అడిగింది ఒక్కటే. బాగా చేసేవాళ్ళు గనక ఎగుమతి చెయ్యగలిగారా, ఎగుమతి చేశారు గనక బాగా చెయ్యడం వచ్చిందా? గీత చూస్తే అది ఎలా తెలుస్తుంది?

ఆయన మంచివాడే. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పెద్దవారు మీరడిగిందే మావాళ్ళు కూడా ఎప్పట్నించో తగువులాడుకుంటున్నారండి. బాగా చేసేవాడే బయటికి అమ్మగలడని కొందరంటారు. బయటివాడికి అమ్మబట్టే నేర్చుకుంటాడని కొందరంటారు. రెండూ కొంచెం కొంచెం నిజమే అనుకుంటానండి."

తెలియదన్నందుకు నాకు కోపం రాలేదు. తేలని సంగతికి అంత పెద్ద గీతలు గీసి అంతమందిని చప్పట్లు కొట్టించినందుకు వచ్చింది. మా బావమరిదికి మాత్రం ఆ జవాబులో రెండో సగమే వినపడింది. బస్సులో వస్తూ, "చూసేరా, అమ్మితే నేర్చుకుంటామంటండీ" అన్నాడు. ముందు సగం ఏమైందిరా అంటే, అది ఆయన మీకోసం చెప్పేడులెండి అన్నాడు.

అంతే, షావుకారుని పక్కనపెట్టి నేరుగా అమ్మాలన్న పిచ్చి పట్టుకుంది అతనికి. అవీ ఇవీ కాయితాలు పెట్టించాడు, ఎవరినో పట్టుకున్నాడు. చివరికి చెన్నై నుంచి ఒక ఏజెంటు దిగాడు. కొరియాలో పరుపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీకి పీచు కావాలట. ఆ ఏజెంటు అరచేతిలో మా పీచు గుప్పెడు తీసుకుని, రెండో చేత్తో తట్టాడు. తెల్లటి చొక్కా మీద పొట్టు రాలింది. దులుపుకోకుండా అలాగే నిలబడి మా బావమరిది మొహంలోకి చూశాడు. తరవాత రెండు సూదులున్న చిన్న తేమ మీటరు పీచులో గుచ్చాడు. దాని ముల్లు ఎర్రగీత దాటి అవతలికి పోయింది. గీత ఇవతల ఉంటేనే కొంటాం, పీచు పొడుగ్గా ఉంటేనే కొంటాం, పొట్టు ఉంటే కొనం. ఆయన చెప్పినవి ఈ మూడే.

ఆ మూడూ నేను చెబుతూ వచ్చినవే. నాలుగోది లేదు.

మిల్లు మారింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, నిజంగానే మారింది. డ్రమ్ముకి గట్టి ఉక్కు పళ్ళు వేయించాడు. డొక్కలు నానడానికి తొట్లు కట్టించాడు. కళ్ళానికి సిమెంటు చేయించాడు, మబ్బు పడితే కప్పడానికి పట్టాలు తెప్పించాడు. పీచుని తిప్పి తిప్పి జల్లించే పెద్ద గుండ్రటి జల్లెడ డ్రమ్ము ఒకటి కొన్నాడు. దాన్ని నేనే బిగించాను. మొదట్లో రోజూ వచ్చే పీచు బాగా తగ్గిపోయింది. జల్లిస్తే పొట్టు పోయింది, పొట్టుతో బరువు పోయింది, కళ్ళంలో పనిచేసే ఆడవాళ్ళకి చెయ్యి తిరగలేదు. మా బావమరిది అన్నం మానేసి తిరిగాడు. తరవాత నెమ్మదిగా కుదిరింది. రోజూ ఏదో ఒకటి తెగి ఆగిపోయే మిల్లు, వారమంతా ఆగకుండా తిరిగిన రోజులొచ్చాయి. అదే కరెంటుకి, అదే మనుషులతో, మంచి పీచు మునుపటికంటే ఎక్కువ వచ్చింది. నాకు పని లేక మోటారు పక్కన కూర్చుని పేపరు చదువుకున్నాను.

అది చూసి సంతోషించాల్సింది. సంతోషించాను కూడా. కానీ లోపల ఒకటే మంట. సొంత బావ ఇంట్లో భోంచేస్తూ చెబితే ఎక్కని మాట, సముద్రం అవతల పరుపులు కుట్టుకునేవాడు మీటరు గుచ్చి చెబితే ఎక్కింది. మంచి పీచుకి, చెత్త పీచుకి ఒకే రేటు కట్టినవాడు ఉన్నన్నాళ్ళూ ఎవడు మాత్రం ఎందుకు వింటాడు అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడలా అనిపించలేదు. అప్పుడు అతన్ని పట్టుకుని దులిపెయ్యాలనిపించింది.

కళ్ళంలో ఆడవాళ్ళకి పెద్దదిక్కు ఒకావిడ ఉండేది. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు పేటలో సగంమంది ఆవిడ వెనకే నడుస్తారు, సోమవారం మిల్లుకీ అంతే. కూతురు రాజోలు వైపు హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ఇంకా ఆ దుమ్ములో ఎందుకమ్మా, మానెయ్యి అని కూతురు పోరుతుందని ఆవిడే చెప్పేది. మానేస్తే ఈ మిల్లు ఏమైపోద్దండీ అని నవ్వేది. ఆ మాట సగం నిజం. పీచు ఎండిందో లేదో, దాన్ని దిమ్మలా నొక్కి కట్టే బేలు ఎంత బిగించాలో ఆవిడ చూసి ఊ అంటేనే లారీ కదిలేది.

మొదటి కంటెయినరుకి బేళ్ళు కట్టే రోజు ఏజెంటు పొద్దున్నే వచ్చాడు. కట్టిన బేళ్ళకి మీటరు గుచ్చి చూశాడు, ముల్లు గీత ఇవతలే ఉంది. ఇంకా కట్టాల్సినవి ఉన్నాయి. మా బావమరిది ఏజెంటు వినేలా కళ్ళమంతా మోగేలా కేకేశాడు. "చూడండమ్మా, ఒక్క చుక్క నీళ్ళు పడకూడదు. పడిందంటే నేనూరుకోనండోయ్." ఆడవాళ్ళందరూ "ఆయ్" అన్నారు. ఏజెంటు తృప్తిగా తల ఊపి, మీటరు జేబులో వేసుకుని భోజనానికి అమలాపురం వెళ్ళాడు. మా బావమరిది ఆయన వెంట వెళ్ళాడు. నేను లోపల బెల్టు సరిచేస్తున్నాను.

సాయంత్రానికి బేళ్ళన్నీ ఎక్కాయి. కంటెయినరు తలుపులు మూసి సీలు వేశారు. మా బావమరిది భార్య హారతి పళ్ళెం తెచ్చి దిష్టి తీసింది. మా బావమరిది ఆ రోడ్డు మలుపు దాకా లారీ వెనక నడిచాడు.

కొన్ని వారాల తరవాత అతని ఫోనుకి ఫోటోలొచ్చాయి. విప్పిన బేలు. లోపల నల్లటి బూజు, పెరుగు మీద పట్టినట్టు తెట్టెలు తెట్టెలుగా. అన్నీ కాదు. సగం బేళ్ళు బంగారంలా ఉన్నాయి, మిగతావి అలా ఉన్నాయి. మూసిన ఇనప పెట్టెలో, సముద్రం మీద, అన్నాళ్ళు తడి మగ్గితే ఏమవుతుంది మరి. ఏజెంటు ఫోను చేశాడు. ఈ సరుకు వాళ్ళు తీసుకోరు, రెండో ఆర్డరు సంగతి అడిగి చెబుతాను అన్నాడు. ఆ రెండో ఆర్డరు మీదే మా బావమరిది ప్రాణాలన్నీ ఉన్నాయి. అది రాకపోతే మళ్ళీ షావుకారు కాటా దగ్గరికే.

అతను ఆ ఫోను పట్టుకుని కళ్ళంలోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. ఎవరు చల్లేరు అని అడిగాడు. పెద్దావిడ చీపురు పక్కన పెట్టి ముందుకొచ్చింది. దాచలేదు, భయపడలేదు.

"మేవే చల్లేవండి. బేళ్ళు తేలిగ్గా వత్తన్నాయి, తవరికి బరువు తక్కువైపోద్దేమోనని చల్లేవండి."

"వద్దని చెప్పేను కదా. కళ్ళమంతా వినపడేలా చెప్పేను కదా."

"చెప్పేరండి. ఎప్పుడు చెప్పలేదు తవరు? ఆ షావుకారు గుమాస్తాగారు కళ్ళానికొచ్చి నిలబడ్డప్పుడల్లా ఒక్క చుక్క పడకూడదని కేకలేసేవోరు. ఆయన బండెక్కి ఎళ్ళగానే ఏమ్మా ఇంకా నీళ్ళ గొట్టం అందుకోలేదా అనేవోరు. ఈయన గుమాస్తాగారు కాదని మాకెవరు చెప్పేరండీ?"

ఒకావిడ నవ్వు ఆపుకోలేక పైటకొంగు నోట్లో కుక్కుకుంది. మా బావమరిది నా వైపు చూశాడు, నేనేదో అంటానని. ఏళ్ళ తరబడి అతను అలా కేకేయడం, వాళ్ళు ఆయ్ అనడం, గుమాస్తా అది నమ్మినట్టు తల ఊపడం, ముగ్గురికీ ముగ్గురూ ఆడుతున్నారని తెలియడం, అంతా నా కళ్ళ ముందే జరిగింది. పళ్ళు మార్చాడు, తొట్లు కట్టాడు, మీటరు గురించి ఏజెంటు చెప్పిందంతా మా ఇద్దరికీ తెలుసు. బేలు కట్టే చేతులకి మాత్రం, ఈసారి నీళ్ళు ఎందుకు వద్దో, పడితే అవతల ఏమవుతుందో చెప్పాలని ఎవరికీ తోచలేదు. మాట ఒక్కటి విసిరేసి వెళ్ళిపోయాడు. ఆ మాటకి మా కళ్ళంలో ఎన్నాళ్ళ నుంచో ఏం చేస్తున్నారో వాళ్ళు అదే చేశారు.

"అయితే నాదే తప్పంటారు" అన్నాడతను.

"తవరిదని నేనన్లేదండి. మేం చల్లిందీ తవరి మంచికే. పనిలోంచి తీసెయ్యాలంటే తీసెయ్యండి, మా అమ్మాయి సంతోషిస్తాది" అంది ఆవిడ.

తియ్యలేదు. తీస్తే బేలు కట్టేవాళ్ళు లేరు. ఆ సాయంత్రమే అతను వాళ్ళందరినీ కూర్చోబెట్టి ఫోటోలు చూపించాడు. ఫోను చేతులు మారుతూ తిరిగింది. పెద్దావిడ ఆ బూజు ఫోటోని దగ్గరగా పెట్టుకుని చూసి, "ముందే చూపిత్తే ఏం పోయిందండీ" అని మాత్రం అంది.

మర్నాటి నుంచి పీచు ఎంత బాగా కట్టారో చెప్పలేను. మా బావమరిది సొంతంగా ఒక మీటరు కొన్నాడు. పెద్దావిడే గుచ్చి చూసేది, ముల్లు కాస్త ఊగినా మళ్ళీ ఎండకి పరిపించేది. మా బావమరిది నీళ్ళ గొట్టం కుళాయి పిడి ఊడదీసి జేబులో వేసుకుని తిరిగాడు. కాళ్ళు కడుక్కోవాలన్నా అతన్నే అడగాల్సి వచ్చేది. రెండో కంటెయినరుకి సరిపడా బేళ్ళు షెడ్డు నిండా పేర్చి ఉన్నాయి. మా బతుకులో అంత మంచి పీచు మేము తియ్యలేదు. చుట్టాలొస్తే కూడా తీసుకెళ్ళి చూపించేవాడు.

ఏజెంటు ఫోను ఎత్తడం తగ్గించాడు. ఎత్తినప్పుడు అడుగుతానన్నాడు, కనుక్కుంటానన్నాడు. వానలు పట్టుకున్నాయి. చివరికి ఒకరోజు ఆయనే చేసి, కొరియావాళ్ళు తమిళనాడులో ఒక మిల్లుతో కుదుర్చుకున్నారని చెప్పాడు. వాళ్ళు ఎప్పట్నుంచో పొడి పీచే ఇస్తున్నారట, ఫిర్యాదు లేదట. మీరిప్పుడు బాగా చేస్తున్నారు సార్, నాకు తెలుసు, కానీ వాళ్ళు చూసింది ఆ మొదటి పెట్టెనే కదా అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని ఇప్పటికీ వెతుకుతుంటాను.

షెడ్డులో పీచు అలాగే ఉంటే ఆ వానల గాలికి అదీ చెమ్మెక్కుతుంది. షావుకారుకి కబురు పంపాడు. ఆయన స్వయంగా వచ్చాడు, ఏమీ ఎత్తిపొడవలేదు. బేలు ఒకటి కోయించి పీచు లాగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇంత బాగా ఎప్పుడు తీసేరండీ. చాలా బావుందండి" అన్నాడు.

మా బావమరిది మీటరు తెచ్చి గుచ్చబోయాడు. షావుకారు చెయ్యి అడ్డంపెట్టి, "అక్కర్లేదండి, కనపడతానే ఉంది. తరుగు మాత్రం తరుగేనండి. మీకొక్కరికి మానేనంటే రేపు పొద్దున్నకి ప్రతి మిల్లువాడూ నా గుమ్మం ముందుంటాడు. నేను కొన్నాక దీన్ని మిగతా పీచుతోనే కలుపుతానండి, అబద్ధం ఎందుకు" అన్నాడు. రేటు కూడా అందరికీ ఇచ్చేదే.

లారీ ఎక్కుతుంటే నేను అక్కడ ఉండలేక కొబ్బరితోటలోకి పోయాను.

తరవాత ఒక నెల జల్లెడ డ్రమ్ము తిరిగింది. నేనే తిప్పించాను. ఇంకో కొనేవాడు వస్తాడు, అప్పటికి చేతులు మర్చిపోకూడదు, ఆపకు అని రోజూ గొడవపడ్డాను. అతను మొదట్లో విన్నాడు. ఒకరోజు భోజనాల దగ్గర చెయ్యి కడుక్కోకుండానే, "ఎవరికోసమండీ జల్లించడం? జల్లించినంతా నా నష్టమే కదా బావగారూ" అన్నాడు. ఈసారి నవ్వలేదు. మా ఆవిడ నా వైపు చూసి, ఇంక వదిలెయ్యండి అని కళ్ళతోనే అంది. మర్నాడు డ్రమ్ము ఆగింది.

ఆ సదస్సులో కళ్ళజోడాయన గోడ మీద వేసిన గీతల్లో మా మిల్లు ఎక్కడుందో నాకు తెలియదు. ఎగుమతి వల్లే బాగుపడ్డాం, అది కాదనను. ఎగుమతి పోగానే బాగుపడింది కూడా పోయింది, దానికి గీత ఎవరు గీస్తారు? తడికీ పొడికీ ఒకే రేటు ఉన్న చోట పనితనం ఎవరింట్లో ఉంటుంది? ఇవన్నీ ఆయన్ని అడగాలని ఉంది. ఆయన మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుని, రెండూ కొంచెం కొంచెం నిజమే అంటాడేమోనని భయంగా కూడా ఉంది.

ఆ జల్లెడ డ్రమ్ము కొనుక్కోడానికి తమిళనాడులో పొల్లాచ్చి వైపు నుంచి ఒకాయన వచ్చాడు. దాన్ని విప్పడం నాకు తప్ప ఎవరికీ రాదు గనక నేనే విప్పాను. విప్పుతూ బోల్టు బోల్టుకీ తిట్టుకున్నాను. ఆయన పక్కనే గొంతుక్కూర్చుని, వచ్చీరాని తెలుగులో ఎంత వేగంతో తిప్పాలి, వాలు ఎంత ఉండాలి, చిల్లులు మూసుకుపోతే ఏం చెయ్యాలి అని అడుగుతూనే ఉన్నాడు. చెప్పకూడదనే కూర్చున్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను. మిషను పళ్ళు ఎప్పుడు మార్చాలో, డొక్క ఎంత నానాలో ఆయన అడగనివి కూడా చెప్పాను. ఆయన ఫోను తీసి అన్నీ ఎక్కించుకున్నాడు. మధ్యలో ఆపి, మళ్ళీ చెప్పండి అన్నాడు. మళ్ళీ చెప్పాను.